ఎబినేజర్ గారి ఖాతాలో పడ్డ గురక

బాపట్ల ఇరిగేషన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు ఎబినేజర్ పేరు ఎత్తితే చాలు, జనం రెండు సంగతులు చెబుతారు. ఏ కాలవ ఫైలు ఏ బీరువాలో ఏ అరలో ఉందో కుర్చీలోంచి లేవకుండా చెప్పగలడని ఒకటి. గురక పెడితే పక్క వీధి లేచి కూర్చుంటుందని రెండోది. మొదటిది ఆఫీసు గేటు దాటి బయటికి పోలేదు. రెండోది మాత్రం ఇటు చీరాల నుంచి అటు రేపల్లె దాకా చుట్టాలందరికీ తెలుసు. అసలు ఇబ్బంది ఏంటంటే, ఎబినేజర్ గురక పెట్టడు.

పెట్టేది ఆయన భార్య సుజన. ఆ సంగతి ఆవిడకి తెలియదు.

పెళ్ళయిన కొత్తల్లో వేసవి సెలవులకి ఇద్దరూ సుజన పుట్టింటికి, రేపల్లె వెళ్ళారు. ఉక్కకి ఇంటిల్లిపాదీ డాబా మీద వరసగా పక్కలు పరుచుకుని పడుకున్నారు. తెల్లారి అందరూ కిందికి దిగి కాఫీలకి కూర్చున్నాక, అత్తగారు సుగుణమ్మ గ్లాసులో కాఫీ తిరగబోస్తూ, ఎవరి మొహమూ చూడకుండా, "రాత్రంతా ఆ గురక ఎవరిదో గానీ, మామిడికాయల లారీ వచ్చి ఆగిందనుకున్నా" అంది. బావమరిది చిట్టిబాబు అప్పటికి ఇంటరు కుర్రాడు. నవ్వడానికి నోరు సగం తెరిచి, ఎవరి మీద నవ్వాలో తెలియక ఆగి ఉన్నాడు. సుజన కొత్త చీరలో ఇడ్లీలు వడ్డిస్తోంది. ఎబినేజర్ ఆవిడ వంక చూశాడు. ఈ ఇంట్లో ఈ పిల్లకి జీవితాంతం ఇదే పేరు పడిపోతుంది కదా అనిపించింది.

"నాదేనండి అత్తయ్యగారూ. చిన్నప్పట్నించీ అంతే."

ఇల్లంతా ఘొల్లుమంది. అందరికన్నా ఎక్కువ నవ్వింది సుజన. ఒక పూట గడిస్తే చాలు, మర్నాటికి అందరూ మర్చిపోతారనుకున్నాడు ఎబినేజర్. ఎవరూ మర్చిపోలేదు. పేరు ఆయనకే ఖాయమయింది.

ఆ తర్వాత ఆ అబద్ధాన్ని పోషించడం ఆయన వంతయింది. చర్చి కుటుంబాలన్నీ కలిసి రామాపురం బీచికి వెళ్ళినప్పుడు మగవాళ్ళంతా ఓట్లేసుకుని మరీ ఆయన్ని రాత్రి బస చేసిన హాలు బయట, ఎండుచేపల బుట్టల పక్కన పడుకోబెట్టారు. కొల్లిపరలో సుజన పెదనాన్న కూతురి పెళ్ళికి వెళ్ళినప్పుడు వ్యవహారం ఇంకా చిక్కున పడింది. మగవాళ్ళు వసారాలో, ఆడవాళ్ళు గదిలో. వసారాలో ఎబినేజర్ అందరి ఎదుటా మేలుకుని కూర్చుని ఉండగా, గదిలోంచి గురక మొదలయింది. ఒకరి మొహాలు ఒకరు చూసుకోవడం మొదలయ్యేసరికి ఆయన ఆవలింత తీసి, గది కిటికీ కింద నడుం వాల్చి, తనూ గురక అందుకున్నాడు. లోపల సుజన, బయట ఎబినేజర్, కచేరీలో ఇద్దరు విద్వాంసుల్లాగా. "బావ గురక గోడకి తగిలి వెనక్కొస్తోంది" అన్నాడు చిట్టిబాబు. మూడు రోజులు ఎబినేజర్ గొంతు పట్టేసింది.

ఇంట్లో సంగతి సరేసరి. సుజన ఊరి చివర మండల పరిషత్తు బళ్ళో టీచరు. పొద్దున లేస్తూనే తలనొప్పి అంటుంది. "మీ గురకతో నాకు నిద్రెక్కడిదండీ" అంటుంది. కూతురు జెన్నిఫర్ నర్సింగ్ హాస్టల్లో చేరేదాకా "నాన్న మొదలెట్టాడు" అని గొణుగుతూ తన గది తలుపు వేసుకునేది. ఎబినేజర్ నోరు మెదపలేదు. మెదిపితే ఏమవుతుంది, ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతారు. అలా ఏడాది మీద ఏడాది దొర్లిపోయింది.

పోనీ, గురక ఒక్కటే అయితే ఈ కథ ఇక్కడితో ఆపేయవచ్చు. గత ఏడాది నుంచి దాని తీరు మారింది. పెరిగి పెరిగి ఉన్నట్టుండి ఆగిపోయేది. చప్పుడుండదు, ఊపిరీ ఉండదు. ఎబినేజర్ పక్కన పడుకుని తన ఊపిరి కూడా బిగబట్టి ఎదురుచూసేవాడు. భుజం తట్టేవాడు. బోరింగు పంపు కొట్టగా కొట్టగా నీళ్ళందినట్టు, ఒక్కసారి గుర్రున ఊపిరి అందుకుని ఆవిడ పక్కకి తిరిగేది. పొద్దున ఏమీ గుర్తుండేది కాదు.

పగలు మాత్రం ఎక్కడ కూర్చుంటే అక్కడ కునుకు. బీపీ మాత్రలు మొదలయ్యాయి. కాళ్ళల్లో ఓపిక లేదంటే ఒక డాక్టరు ఐరన్ మాత్రలిచ్చాడు, ఇంకొకాయన టెన్షన్ తగ్గించుకోమన్నాడు. ఒకరోజు బడికి వెళుతూ కాలవగట్టు మీద, బండి మీదే కన్నంటుకుంది. బండి గట్టు దిగి, పొలంలోకి పోయి, వరిగడ్డి వామిలో దూరింది. గట్టుకి అటువైపు అయితే కాలవే. రైతు పరిగెత్తుకొచ్చి, "ఏంటి టీచరమ్మా, వామిలోకి వచ్చారు" అని అడిగాడట. ఏం చెప్పాలో తెలియక "ఊరికేనయ్యా" అందట.

ఆ సాయంత్రం జడలోంచి గడ్డిపరకలు ఏరుకుంటూ సుజన తీర్పు చెప్పేసింది. "ఇవాళ్టి నుంచి మీరు వరండాలో పడుకోండి. మీ గురకే ఏదో ఒకరోజు నా ప్రాణం తీస్తుంది."

ఎబినేజర్ దిండు పట్టుకుని వరండాలోకి వెళ్ళాడు. ఇప్పుడు ఊపిరి ఆగినా భుజం తట్టేవాళ్ళు లేరు. కిటికీలోంచి విని, లోపలికి వెళ్ళి తడితే ఆవిడ కళ్ళు తెరిచి, "చూశారా, లోపలికొచ్చి మరీ గురక పెడుతున్నారు" అనేది.

గుండె దడ మొదలయ్యాక ఇక ఆగలేదు. తెనాలిలో డాక్టర్ మైథిలి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ గుండె జబ్బుల డాక్టరు. ఛాతీకి నాలుగైదు తీగలు అంటించి, నడుముకి సబ్బుపెట్టె అంత యంత్రం కట్టించింది. ఒక పగలూ ఒక రాత్రీ గుండె కొట్టుకునే తీరునంతా అది రాసుకుంటుందట. దాని అసలు పేరు హోల్టర్. సుజన గుండెపెట్టె అంది. అది కట్టుకునే బాపట్ల వచ్చి, మర్నాడు తెనాలి వెళ్ళి ఇచ్చేశారు. ఫలితం చెప్పే రోజుకి రేపల్లె నుంచి సుగుణమ్మ కూడా వచ్చింది. కూతురి గుండె సంగతి కదా, ఫోనులో వింటే ఆవిడకి సరిపోదు.

డాక్టరు కంప్యూటరు తెర వాళ్ళవైపు తిప్పింది. "పగలు బానే ఉందమ్మా. రాత్రి చూడండి. గుండె నెమ్మదిస్తోంది, వెంటనే పరిగెడుతోంది. మళ్ళీ నెమ్మది, మళ్ళీ పరుగు. తెల్లార్లూ ఇదే వరస. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చేవాళ్ళకి ఇలా ఉంటుంది. మీకు గురక ఉందా?"

"నాకా? లేదండి. మా ఆయనకుంది" అంది సుజన.

"మా అల్లుడుగారి గురక మా రేపల్లెలో కూడా ఫేమస్సేనండి" అని సుగుణమ్మ వత్తాసు పలికింది.

డాక్టరు ఎబినేజర్ వైపు తిరిగింది. చెప్పాల్సిన చోటు ఇదే అని ఆయనకి తెలుసు. నోరు తెరిచాడు. ఎదురుగా అత్తగారు, పక్కన భార్య, సగం తెరిచిన తలుపు అవతల చీటీలు పట్టుకుని చెవులు ఇటే వేసిన జనం. తెరిచిన నోట్లోంచి పాత మాటే వచ్చింది.

"నాదేనండి."

"ఆయన గురకకి నేను ఉలిక్కిపడుతుంటానండి. గుండె అలా ఎగిరేది అందుకే" అంది సుజన. పిల్లలకి లెక్క విడమర్చినంత స్పష్టంగా చెప్పింది. మొగుడు తనంతట తనే ఒప్పుకుంటుంటే డాక్టరు మాత్రం ఏం చేస్తుంది. "అలా కూడా కావచ్చు, కాదనలేను" అని సుజనకి మాత్రలు, ఎబినేజర్‌కి నిద్ర పరీక్ష రాసింది.

తిరుగు రైల్లో సుజన ఆయన చేతి మీద చెయ్యి వేసింది. "భయపడకండి. మీకేం కాదు. నేనున్నానుగా." ఎబినేజర్ కిటికీలోంచి దుగ్గిరాల పసుపు లారీలు పోయే రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. చెంపదెబ్బ కొట్టినా అంత బాధ ఉండేది కాదు.

మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి, ఒక్కడే మళ్ళీ తెనాలి వెళ్ళాడు. డాక్టరుతో మొత్తం చెప్పాడు, డాబా దగ్గర్నించి వరండా దాకా. ఆవిడ నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు.

"మరి నిన్న నేను అడిగినప్పుడు?"

"అత్తగారున్నారండి."

"అత్తగారికేంటండి, గుండె పోయేది ఆవిడదా?" అంది డాక్టరు. "మీ ఆవిడకి ఊపిరి ఆగినప్పుడల్లా ఒంట్లో ప్రాణవాయువు తగ్గిపోతుంది. మెదడు కంగారుపడి లేపుతుంది. గుండె పరిగెడుతుంది. రాత్రంతా ఇదే పనయితే బీపీ ఎందుకు తగ్గుతుంది? పగలు కునుకు పట్టకుండా ఎలా ఉంటుంది? బండి నడుపుతారా ఆవిడ?"

"నడుపుతుందండి. కాలవగట్టు మీద."

డాక్టరు కలం బల్ల మీద పెట్టేసింది. "గుండె గీతలు చూసి నేను అనుమానపడగలను, అంతవరకే. నిద్ర పరీక్ష చేస్తేనే తేలుతుంది. తేలితే ముక్కుకి మాస్కు పెట్టి, గాలి యంత్రంతో పడుకోబెట్టచ్చు, బాగవుతుంది. కానీ కట్టుకోవాల్సింది ఆవిడ. తనకి గురకే లేదనుకునే మనిషి మాస్కు ఎందుకు పెట్టుకుంటుంది? ముందు మీరు చెప్పి ఒప్పించండి. బండి తాళం దాచేయండి."

ఆ సాయంత్రం సుజన చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే ఎదురుగా పీట వాల్చుకుని కూర్చున్నాడు.

"సుజనా, ఆ గురక నాది కాదు."

"మరి ఎవరిది?"

"నీది."

ఆవిడకి కోపం రాలేదు. జాలేసింది. "పరీక్షంటే అంత భయమా మీకు?"

ఫోను తీసి, ముందు రాత్రి కిటికీ దగ్గర నిలబడి రికార్డు చేసింది వినిపించాడు. గదంతా మోగింది. సుజన శ్రద్ధగా విని, "మీదే" అంది. "ఇన్నేళ్ళుగా వింటున్నా, నాకు తెలీదూ?"

"నిద్రపోతూ ఎలా విన్నావే?"

"అంత గట్టిగా పెడితే నిద్రపోయేవాళ్ళకి కూడా వినపడుతుంది."

ఈ వాదనకి ఎక్కడ పట్టు దొరుకుతుందో ఎబినేజర్‌కి తోచలేదు. గురక చప్పుడుకి మొహం ఉండదు కదా, ఇదిగో వీళ్ళది అని చూపించడానికి. బండి తాళం బియ్యం డబ్బాలో దాస్తే ఆవిడ రెండో తాళంతో వెళ్ళిపోయింది. రాత్రికి చిట్టిబాబు రేపల్లె నుంచి ఫోను చేశాడు. "ఏంటి బావా, నీ జబ్బు మా అక్క పేరున రిజిస్ట్రీ చేసేస్తున్నావంట."

"ఒరేయ్, అది మీ అక్కదేరా."

"మంచోడివనుకున్నాం బావా ఇన్నాళ్ళూ" అని పెట్టేశాడు.

ఆ వారం స్త్రీల సమాజం ప్రార్థన వాళ్ళింట్లోనే వచ్చింది. సుజన ఆ సమాజానికి అధ్యక్షురాలు. ఈసారి ప్రార్థన అంశం ఎబినేజరే. ఆయన పరీక్ష భయం పోవాలని, నిద్ర బాగుపడాలని. ముందు గది నిండా ఆడవాళ్ళు కళ్ళు మూసుకున్నారు. ఎబినేజర్ మధ్యగదిలో తలుపు వార నిలబడ్డాడు. సుజన నిదానంగా మొదలుపెట్టింది. ప్రభువుని స్తుతించింది, భర్త సుగుణాలు రెండు చెప్పింది, "ఆయన నిద్రని నీ చేతులకు" అని ఆగింది. మాట ఆగింది గానీ చప్పుడు ఆగలేదు. మూసిన కళ్ళు మూసినట్టే ఉండగా, ఆవిడ గొంతులోంచి గురక బయల్దేరింది.

ఎబినేజర్ గుండె ఎగిరింది. ఇంతమంది సాక్షులు, పట్టపగలు, తను ఆవిడకి పది అడుగుల దూరంలో. ఇంతకన్నా ఏం కావాలి.

కార్యదర్శి జెస్సీ ఒక కన్ను తెరిచింది. పక్కనున్నవాళ్ళు ఒక్కో కన్ను తెరిచారు. అంతే, జెస్సీ గొంతెత్తి పాట అందుకుంది. అందరూ కలిశారు. మామూలుగా రాగం తీసి పాడే పాటని తాళాలు వాయిస్తూ ఇల్లెగిరిపోయేలా పాడారు. రెండో చరణంలో సుజన ఉలిక్కిపడి లేచి, తనూ కలిసి పాడి, చివర ఆమెన్ అంది. అందరూ ఏమీ జరగనట్టు అటుకులు తిని వెళ్ళిపోయారు.

ఎబినేజర్ గేటు దాకా జెస్సీ వెంటపడ్డాడు. "అమ్మా, మీరు విన్నారు కదా. ఒక్క మాట ఆవిడకి చెప్పండి చాలు."

"దేని గురించి అన్నయ్యగారూ?"

"గురక."

జెస్సీ చెప్పులు వేసుకుంది. "ప్రార్థనలో జరిగింది బయట మాట్లాడకూడదండి. అయినా అలసిపోయిన మనిషి, పాపం. ఇలాంటివి మనసులో పెట్టుకోవచ్చా?" అని, తిరిగి ఆయన్నే మందలించి వెళ్ళింది.

ఎబినేజర్ గేటు పట్టుకుని నిలబడిపోయాడు. ఊళ్ళో అందరూ మంచివాళ్ళే. ఆ మంచితనమే ఆవిణ్ణి కాలవలోకి నెట్టేట్టుంది.

మళ్ళీ డాక్టరుకే ఫోను చేశాడు. డాక్టరు సుజనని పిలిపించి, ఒక ఉపాయం చెప్పింది. "మీ మాటే నిజమనుకుందామమ్మా. ఆయన గురకే కారణమైతే, ఆయన లేని చోట మీ గుండె నిమ్మళంగా ఉండాలి కదా. ఆయన్ని బాపట్లలో వదిలేసి, మీరు అమ్మగారింట్లో ఒక రాత్రి గుండెపెట్టె కట్టుకుని పడుకోండి. గీతలు బాగుంటే నిద్ర పరీక్ష ఊసు ఎత్తను. బాగోకపోతే పరీక్ష మీకే."

సుజన బళ్ళో సైన్సు కూడా చెబుతుంది. ఒక్కటి మార్చి మిగతావన్నీ అలాగే ఉంచడం అనే పద్ధతి ఆవిడకి నచ్చింది. "న్యాయంగా ఉందండి" అంది. తెనాలిలో తీగలు అంటించుకుని, రేపల్లె రైలెక్కి పుట్టింటికి వెళ్ళింది.

ఎబినేజర్ ఆ రాత్రి చాలా రోజుల తర్వాత లోపలి గదిలో మంచం మీద పడుకున్నాడు. పొద్దున్నే చిట్టిబాబు ఫోను.

"బావా, రాత్రి నువ్వేమన్నా రేపల్లె వచ్చావా?"

"లేదే. ఏం?"

"అదే, పక్కగదిలోంచి గురక వినపడింది. నీదే అనుకున్నా. లారీలాగా."

ఎబినేజర్ మంచం మీంచి లేచి నిలబడ్డాడు. "విన్నావు కదా? నీ చెవులతో విన్నావు కదా? ఎవరిది మరి?"

"అమ్మదంట. పడిశం పట్టిందంట. నాదేరా అంది."

ఎబినేజర్ మళ్ళీ కూర్చున్నాడు. ఫోను చెవి దగ్గరే ఉంది, చిట్టిబాబు ఇంకేదో చెబుతున్నాడు, ఆయనకి ఎక్కలేదు. ఆ గురకని మోయడానికి ఒకరు తప్పుకుంటే ఇంకొకరు సిద్ధం.

గీతలు చూసే రోజున ముగ్గురూ డాక్టరు ముందు కూర్చున్నారు. డాక్టరు రెండు రాత్రుల గీతలూ తెర మీద ఒకదాని కింద ఒకటి పెట్టింది. చదువురానివాళ్ళు చూసినా ఒకేలా ఉన్నాయని చెబుతారు. నెమ్మది, పరుగు. నెమ్మది, పరుగు.

"ఇది బాపట్ల. ఇది రేపల్లె. రెండోచోట మీ ఆయన లేరు."

"మా అమ్మ ఉంది కదండీ" అంది సుజన. "అమ్మకి పడిశం. రాత్రంతా గురక పెట్టింది."

"అవునండి. నాదేనండి" అంది సుగుణమ్మ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. ముక్కు పొడిగా ఉంది.

ఎబినేజర్‌కి ఇక ఓపిక చచ్చిపోయింది. "అత్తయ్యగారూ, మీరు కూడానా" అన్నాడు. అరవలేదు. గొంతులో అరవడానికి కూడా ఏమీ మిగల్లేదు. "అది నాది కాదు, మీది కాదు. అబద్ధం మొదలెట్టింది నేనే. దయచేసి మీరు దాన్ని అందుకోకండి."

"ఏంటి అల్లుడుగారూ ఆ మాటలు, తలుపు తీసుంది" అంది సుగుణమ్మ.

డాక్టరు వాదించలేదు. తెర మీద ఒక పల్లం దగ్గర వేలు పెట్టింది. "పెద్దమ్మగారూ, గురక ఎవరిదో పక్కన పెట్టండి. ఈ తీగలు మీ అమ్మాయి ఛాతీకి అంటించినవి. ఇది మీ అమ్మాయి గుండె. ఇదిగో, ఇక్కడ ఊపిరి ఆగిందని నా అనుమానం. ఇక్కడ మళ్ళీ అందింది. ఇక్కడ ఆగింది. ఇక్కడ అందింది."

సుగుణమ్మ ముందుకి వంగింది. "ఆగటమంటే?"

"ఆగటమేనండి. గాలి లోపలికి పోదు."

"కాసేపు నిశ్శబ్దంగా ఉంటుంది, అదా?"

"అదే."

"సద్దుమణిగింది, హమ్మయ్య, ఇక నిద్రపోతోంది అనుకునేదాన్నే" అంది సుగుణమ్మ. కొంగు ముక్కు మీంచి నోటి మీదికి వచ్చింది. కూతురి వంక చూసింది. "నాది కాదే అమ్మాయ్. నీదే. నీ పెళ్ళికి ముందు నుంచీ ఉంది. సంబంధం తప్పిపోతుందేమోనని ఎవరికీ చెప్పలా. వట్టి గురకే అనుకున్నా తల్లీ. ఊపిరి ఆగటం అని ఎవరికి తెలుసు."

ఎబినేజర్ మెల్లిగా అత్తగారి వైపు తిరిగాడు. పెళ్ళికి ముందు నుంచీ. అంటే డాబా దిగి కాఫీ తిరగబోస్తూ "ఆ గురక ఎవరిదో గానీ" అన్ననాడు ఈవిడకి తెలుసు. అల్లుడు పసిగట్టాడో లేదో చూద్దామని వేసిన ప్రశ్న అది. ఆ తర్వాత ప్రతి పండక్కీ, ప్రతి పెళ్ళికీ ఆయన దిండు తీసుకెళ్ళి వరండాలో పెట్టించింది కూడా ఈవిడే. ఏదో అందామనుకున్నాడు. ఆవిడ ఏడుస్తోంది. ఆ అవకాశం కూడా పోయింది.

సుజన తెర వైపే చూస్తోంది. పిల్లలు తప్పు రాసిన పలక చూసినట్టు, అది ఎక్కడ తప్పిందో వెతుకుతున్నట్టు చూసింది. తర్వాత లేచి, సగం తెరిచిన తలుపుని పూర్తిగా తెరిచింది.

"రాసుకోండి డాక్టరుగారూ" అంది, బళ్ళో చివరి బెంచీకి వినపడే గొంతుతో. "గురక నాది. ఊపిరి ఆగేది నాకు. పరీక్ష ఇవాళే మొదలెట్టినా సరే."

బయట కూర్చున్నవాళ్ళలో ఒక పెద్దాయన, "మా ఇంట్లో కూడా ఉందమ్మా, ఆవిడ ఒప్పుకోదు" అన్నాడు. పక్కనున్న ఆవిడ ఆయన్ని మోచేత్తో పొడిచింది.

రైలు స్టేషనులో సుగుణమ్మని రేపల్లె రైలు ఎక్కించేటప్పుడు సుజన తల్లితో మాట్లాడలేదు. బాపట్ల రైల్లో మొగుడితోనూ మాట్లాడలేదు. ఇంటికి రాగానే బియ్యం డబ్బాలోది కూడా వెతికి తీసి, బండి తాళాలు రెండూ ఆయన చేతిలో పెట్టింది. ఆ రెండు తాళాలూ జేబులో వేసుకున్నాక ఎబినేజర్‌కి నెల రోజులుగా ఛాతీ మీద కూర్చున్న బరువు కొంచెం జరిగింది. పూర్తిగా దిగలేదు. ఆవిడ మొహం చూస్తే దిగేట్టు లేదు.

నిద్ర పరీక్ష ఇంట్లోనే చేశారు. వేలికి క్లిప్పు, ముక్కు కింద సన్నని గొట్టం, ఛాతీకి పట్టీ. డాక్టరు అనుమానం నిజమయింది, అనుకున్నదానికన్నా ఎక్కువగానే ఉందని చెప్పింది. గాలి యంత్రం వచ్చింది. మాస్కు మొదటి వారం ముక్కుని ఒరుసుకుంది, గాలి పక్కలనుంచి ఈలలు వేసింది, సుజన దాన్ని రెండుసార్లు విసిరికొట్టింది. ఎబినేజర్ రెండుసార్లూ ఏరి తెచ్చాడు. మూడోవారానికి మొహానికి అలవాటయింది.

పొద్దుటి తలనొప్పి పోయింది. బీపీ మాత్ర ఒకటి తగ్గింది. డాక్టరు సరేనన్నాక బండి తాళం తిరిగి ఇచ్చేశాడు. ఇదంతా ఎబినేజర్ కోరుకున్నదే. ఆయన లెక్కలోకి తీసుకోనిది ఒక్కటే. కంటినిండా నిద్రపోయిన మనిషికి కోపం కూడా నిండుగా వస్తుంది.

ఇంతకుముందు ఏ గొడవైనా సగంలో ఆగేది. మాటల మధ్యలో ఆవిడకి కునుకు పట్టేది, ఎబినేజర్ దుప్పటి కప్పేవాడు, మర్నాటికి అది మరుగున పడేది. తన ఓర్పు వల్లే కాపురం ఇంత సాఫీగా సాగిందని ఆయన ఇన్నేళ్ళూ అనుకున్నాడు. ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక సుజన తాజాగా, నిటారుగా కూర్చుని ఒక్కొక్కటే బయటికి తీస్తోంది.

"కొల్లిపరలో కిటికీ కింద పడుకున్నది అందుకేనా?"

"ఊఁ."

"సమాజంలో అందరూ పాట అందుకున్నది కూడా?"

"అది జెస్సీనడుగు."

"అడిగా. పాడాలనిపించింది అక్కా అంది. మీరంతా కలిసి నన్నో చంటిపిల్లని చేశారు. ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు. మీకసలు ఏమనిపించేది, నేను మిమ్మల్ని వరండాలోకి గెంటినప్పుడు?"

"దోమలనిపించేది."

"నవ్వులాటలొద్దు. చెబితే ఏం పోయేది మీకు?"

"చిన్నబుచ్చుకుంటావని."

"చిన్నబుచ్చుకుంటే ఒక పూట అన్నం మానేసేదాన్ని. కాలవలో పడితే?"

ఆ జవాబు కోసం ఎబినేజర్ వారం రోజులుగా వెతుకుతున్నాడు, ఫైలు ఏ బీరువాలోనూ దొరకలేదు. సుజన మంచం మీదికి చేరి, మాస్కు తీసుకుని, పట్టీలు సర్దుకుని, ముక్కుకి తగిలించుకుంది. యంత్రం సన్నగా గాలి వదలడం మొదలుపెట్టింది. ఇవాళ్టికి ఇంతేలే అనుకుని ఎబినేజర్ లైటు స్విచ్చి మీద చెయ్యి వేశాడు. సుజన మాస్కు నుదుటి మీదికి ఎత్తి, "ఆ రామాపురం సంగతి రేపు మాట్లాడదాం" అని, మళ్ళీ కిందికి లాక్కుని, హాయిగా అటు తిరిగి పడుకుంది.